లా చదివించాలా, మెడిసిన్ చదివించాలా? సంపాదన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పాలకొల్లులో ఆడిటర్‌గా పనిచేస్తాను. మా ఆఫీసుకు డాక్టర్లూ వస్తారు, ప్లీడర్లూ వస్తారు. ఇద్దరి రాబడి, ఖర్చు, అప్పు కాగితాల మీద కనిపిస్తుంటాయి కాబట్టి ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో పరిచయస్తులు పిల్లలను వెంటబెట్టుకుని సలహాకు వస్తారు. నర్సాపురం, రాజోలు, అమలాపురం, తణుకు వైపు వాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలకు నా జవాబులు ఇవి. పిల్లల ఇష్టం, సేవాభావం చాలా పెద్ద విషయాలు. ఇక్కడ మాత్రం డబ్బు గురించే మాట్లాడతాను. ఇంట్లో ఆ మాట నేరుగా ఎవరూ ఎత్తరు, తర్వాత దాని వల్లే నలిగిపోతారు.

ముందు సూటిగా చెప్పండి. ఎందులో సంపాదన ఎక్కువ?

కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఆ పైన పీజీ కూడా చేయగలిగితే మెడిసిన్‌లోనే ఎక్కువ. ఈ విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు. ఎంబీబీఎస్ పట్టా ఉన్న మనిషికి ఎంతో కొంత జీతం దొరకని ఊరు మన డెల్టాలో లేదు. లా పట్టా ఉన్నంత మాత్రాన నెల తిరిగేసరికి రూపాయి వస్తుందన్న భరోసా లేదు. పై అంతస్తులో ఉన్నవాళ్లు రెండు వృత్తుల్లోనూ బాగా సంపాదిస్తారు. తేడా అంతా కింది అంతస్తులో ఉంది.

అయితే ఈ జవాబు ర్యాంకుతో వచ్చిన సీటుకే వర్తిస్తుంది. లక్షలు పోసి తీసుకున్న సీటు లెక్క వేరు, అది కింద చెబుతాను.

పెద్ద లాయర్లు ఒక్క వాయిదాకే లక్షలు తీసుకుంటారట కదా?

తీసుకుంటారు. వాళ్లు సుప్రీంకోర్టులో, హైకోర్టులో వాదించే సీనియర్లు. ప్లీడరు రాబడిని అతని తెలివి ఎంత నిర్ణయిస్తుందో, అతను నిలబడిన కోర్టు కూడా అంతే నిర్ణయిస్తుంది. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదించారు. కానీ ఆ పట్టాతో హైకోర్టులో వాదించే అర్హత లేదు. అందుకే ఇంగ్లండు వెళ్లి బారిష్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఇప్పుడు ఆ తరగతులు లేవు, ఎవరైనా ఏ కోర్టులోనైనా వాదించవచ్చు. అయినా మున్సిఫ్ కోర్టు ఫీజుకూ హైకోర్టు ఫీజుకూ మధ్య దూరం అలాగే ఉంది. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది కాబట్టి భీమవరం, ఏలూరు పిల్లలకు హైదరాబాదులో కాపురం పెట్టవలసిన అవసరం తప్పింది. పదేళ్ల తర్వాత లాలో మంచి రాబడి కావాలనుకునేవారు ఈ మార్గాన్ని మొదటి నుంచే మనసులో పెట్టుకోవాలి.

సొంత సంపాదన ఏ వయసులో మొదలవుతుంది?

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది. ఆ ఏడాది స్టైపెండ్ వస్తుంది. 2022లో పెంచిన తర్వాత మన రాష్ట్రంలో అది నెలకు సుమారు 22,500 రూపాయలు. ఆ పైన పీజీ మూడేళ్లు. పీజీ ప్రవేశ పరీక్షకు చాలామంది విడిగా ఏడాది చదువుతారు. పీజీ కాలంలో వచ్చే స్టైపెండ్‌తో పిల్లవాడు తన ఖర్చు తాను చూసుకుంటాడు. గుండె, మెదడు, కిడ్నీ వంటి విభాగాలకు ఇంకో మూడేళ్లు. అంటే స్పెషలిస్టు నిలదొక్కుకునేసరికి ఇరవై ఎనిమిదేళ్లు దాటుతాయి, సూపర్ స్పెషలిస్టుకు ముప్పై పైనే.

లాలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు. ఇరవై మూడేళ్లకు నల్లకోటు వేసుకోవచ్చు. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవడానికి చట్టం చెప్పిన ఫీజు 750 రూపాయలే, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకు మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తేల్చింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష రాయాలి. చదువు త్వరగా పూర్తవుతుంది, సంపాదన మాత్రం వెంటనే మొదలుకాదు.

జూనియర్‌గా ఉన్నప్పుడు ఏమీ రాదా?

ఇది దాచకుండా చెప్పవలసిన విషయం. ఉదయం ఎనిమిదికల్లా జూనియర్ సీనియరు ఆఫీసులో ఉండాలి. డైరీ తెరిచి ఆ రోజు వాయిదాలు చూసుకుని, ఏ కట్ట ఏ కోర్టుకో విడదీసి, గుమాస్తా చేతికి ఇవ్వాలి. పదిన్నరకు కోర్టులో కేసు పిలిచినప్పుడు నిలబడి వాయిదా కోరాలి. సాయంత్రం మళ్లీ ఆఫీసు: ప్లెయింటు ముసాయిదా, అఫిడవిట్, రాత్రి తొమ్మిదికి ఇల్లు. ఇంతా చేస్తే నెలాఖరున సీనియరు చేతిలో పెట్టేది చాలాచోట్ల పెట్రోలు ఖర్చుకే సరిపోతుంది.

పట్టణాల్లో జూనియర్లకు నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, కట్టుబడి తీరాలన్న నిబంధన లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2019 డిసెంబరులో మొదటి మూడేళ్ల జూనియర్లకు నెలకు 5,000 ఇచ్చే పథకం పెట్టింది. ఇలాంటి పథకాలు వస్తుంటాయి, మారుతుంటాయి. వాటిని నమ్ముకుని ఇంటి లెక్క వేయకండి.

చేతికి డబ్బు మొదట వచ్చేది పెద్ద కేసుల నుంచి కాదు. చెక్కు బౌన్సు నోటీసులు, బ్యాంకు ప్యానెల్లో చేరి ఇచ్చే లీగల్ ఒపీనియన్లు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు దస్తావేజులు పరిశీలించి చెప్పే అభిప్రాయాలు, ఇవే మొదటి రాబడి. సొంత కక్షిదారులు కుదురుకునేసరికి ఐదారేళ్లు పడుతుంది. ఆ ఐదారేళ్లూ అన్నం, అద్దె ఇంటి నుంచి వచ్చేలా ఉంటేనే లాకు పంపండి. ఇంట్లో ఆ వెసులుబాటు లేని పిల్లలు మంచి తెలివి ఉండి కూడా మూడో ఏడాదిలో వృత్తి వదిలేయడం చూశాను. నాకు ఎంతో బాధ కలిగించే విషయం ఇది.

మన వైపు కోర్టు పనికి కొదవ ఉందా?

కొదవ లేదు. నేల విలువ ఉన్న చోట తగాదా ఉంటుంది. కాలువ కింద మాగాణి, కొబ్బరి తోట, రొయ్యల చెరువు, లంక భూమి, ప్రతిదానికీ ఒక దావా రకం ఉంది. పంపకాల దావాలు మన కోర్టుల్లో ఎప్పుడూ ఉంటాయి. దీనికి ఒక చట్టపు చరిత్ర ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చిన ఆడపిల్లల ఉమ్మడి ఆస్తి హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని కూతుళ్లకు ఉంది. 2005 సవరణ తర్వాత పెళ్లయిన వారికీ వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేశాక పాత పంపకాల మీద కూడా ప్రశ్నలు లేచాయి. గల్ఫ్‌లో ఉన్న కోనసీమ కుటుంబాల పవర్ ఆఫ్ అటార్నీ వ్యవహారాలు, చెరువుల లీజు తగాదాలు, మేత బాకీల చెక్కులు, హైవే ప్రమాదాల పరిహారం కేసులు దీనికి తోడు.

పని ఉండటం వేరు, ఫీజు రావడం వేరు. రైతు కక్షిదారు పంట డబ్బు చేతికి వచ్చాక ఇస్తానంటాడు, నిజంగానే ఇస్తాడు కూడా, కానీ ఆ ఏడాది తుపాను వస్తే ప్లీడరు ఫీజు కూడా నీళ్లలో మునిగినట్టే. గెలిస్తే వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ప్రమాద కేసుల్లో అలా జరుగుతోందని అందరికీ తెలుసు. మీ పిల్లవాడి రాబడిని దాని మీద ఊహించుకోకండి. ప్రకటనలు ఇచ్చుకోవడానికీ వీల్లేదు. పేరు నోటిమాటగానే పాకాలి.

మేనేజ్‌మెంట్ కోటాలో మెడికల్ సీటు తీసుకుంటే గిట్టుబాటు అవుతుందా?

ఈ ప్రశ్న మీద నేను ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పొలాలు అమ్ముడుపోయేది ఇక్కడే.

కన్వీనర్ సీటుకు ఏటా ట్యూషన్ ఫీజు పదిహేను వేల ప్రాంతంలో ఉంటుంది. ప్రైవేటు కాలేజీల్లో బి కేటగిరీకి, అంటే మేనేజ్‌మెంట్ కోటాకు, ఏటా పన్నెండు లక్షలకు పైనే, ఎన్నారై కోటాకు దానికి రెండు మూడు రెట్లు. రాజమహేంద్రవరం, ఏలూరులో 2023లో తెరిచిన ప్రభుత్వ కాలేజీల్లో కూడా కొన్ని సీట్లకు ఏటా 12 లక్షలు, ఎన్నారై సీట్లకు 20 లక్షలు పెట్టారు. కాబట్టి ప్రభుత్వ కాలేజీ అనగానే చవక అనుకోకుండా కేటగిరీ ఏమిటో చూడండి.

ఏటా 12 లక్షలు, ఐదు విడతలు అనుకుందాం. ఫీజే 60 లక్షలు. హాస్టలు, పుస్తకాలు నేను కలపలేదు. ఈ సొమ్ము అప్పు తెస్తే, పది శాతం వడ్డీ, పదేళ్ల గడువు, నెల కిస్తీ సుమారు 79,000 రూపాయలు. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ ఇందులో లేదు. ఇప్పుడు రెండో పక్క చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరే ప్రభుత్వ డాక్టరు మూల వేతనం 61,960 నుంచి మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలిపినా కిస్తీ పోగా మిగిలేది కొద్దిగానే. అప్పు లేకుండా పొలం అమ్మి కట్టినా లెక్క మారదు. అదే 60 లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో ఉంటే నెలకు 35,000 వస్తుంది, ఏ చదువూ చదవకుండా, అసలు అలాగే ఉండి.

ఇక పీజీ దగ్గర ఇదే ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. ర్యాంకు రాకపోతే మళ్లీ ఫీజు సీటు. నా అభిప్రాయం సూటిగా: ఆ ఊళ్లో తల్లిదండ్రులకు ఇప్పటికే నడుస్తున్న ఆసుపత్రి ఉంటే, లేదా ఆ 60 లక్షలు పోయినా ఇంటి భోజనం మారని కుటుంబమైతే తీసుకోండి. ఉన్న రెండెకరాలూ అమ్మి మాత్రం కట్టవద్దు. ఆ డబ్బులో పదో వంతు పక్కన పెట్టినా పిల్లవాడి లా చదువు, జూనియర్‌గా ఉండే కష్టకాలంలో మొదటి ఏళ్లు గడిచిపోతాయి.

విదేశాల్లో ఎంబీబీఎస్ చదివిస్తే తక్కువ ఖర్చు కదా?

ఫీజు తక్కువే. అక్కడ కనీసం 54 నెలల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, తిరిగి వచ్చాక 300 మార్కుల పరీక్షలో కనీసం 150, ఆ తర్వాత ఇక్కడ మళ్లీ ఇంటర్న్‌షిప్. ఇవన్నీ దాటితేనే ప్రాక్టీసు. ఆ పరీక్షలో ఒక్కో విడతలో తప్పేవాళ్లే ఎక్కువ. పరీక్ష గట్టెక్కని ప్రతి ఏడాదీ ఒక జీతపు సంవత్సరం పోయినట్టు లెక్క వేసుకుని నిర్ణయించుకోండి.

ఎంబీబీఎస్ ఒక్కటే చాలదా? పీజీ తప్పదా?

బతకడానికి చాలు. డ్యూటీ డాక్టరుగా నైట్ డ్యూటీలు చేసుకుంటూ నెల జీతం తీసుకోవచ్చు, పల్లెటూళ్లో క్లినిక్ పెట్టుకోవచ్చు. కానీ ఇప్పుడు అమలాపురం, భీమవరం వంటి ఊళ్లలో కూడా జ్వరానికే స్పెషలిస్టు దగ్గరకు వెళుతున్నారు. మీరు కళ్లారా చూసి ఆశపడే డాక్టర్ల రాబడి పీజీ చేసినవాళ్ల రాబడి. పీజీకి దారి కావాలంటే ప్రభుత్వ సర్వీసులో చేరి సర్వీసు కోటాలో ప్రయత్నించడం ఒక మంచి పద్ధతి, జీతం వస్తూనే ఉంటుంది.

సొంత ఆసుపత్రి పెట్టిన డాక్టరు కోట్లు సంపాదిస్తాడంటారు. నిజమేనా?

కొందరు సంపాదిస్తారు. కౌంటరు దగ్గర కట్టే ఫీజులను చూసి అంచనా వేసేవాళ్లు వెనుక ఉన్న ఖర్చును చూడరు. ఒక ఇరవై పడకల నర్సింగ్ హోమ్ లెక్క పుస్తకం తెరిస్తే నర్సుల జీతాలు, భవనం అద్దె, జనరేటరు డీజిలు, ఆక్సిజన్, ఆసుపత్రి వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థకు కట్టేది, స్కానింగ్ యంత్రం కిస్తీ వరుసగా ఉంటాయి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేసిన ఆపరేషన్ల డబ్బు నెలల తరబడి ఆగుతుంది. బకాయిల కోసం ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలు పత్రికల్లో చూసే ఉంటారు. ఆ ఆలస్యానికి తట్టుకునే పెట్టుబడి ముందే చేతిలో ఉండాలి.

ఇంకొకటి చెప్పక తప్పదు. పల్లెల నుంచి రోగులను పంపే ఆర్ఎంపీలకు కమీషన్ ఇచ్చే అలవాటు మన జిల్లాల్లో బాగా పాతుకుపోయింది. వైద్య నీతి నియమావళి దాన్ని నిషేధిస్తుంది. ఇవ్వనని నిలబడిన యువ డాక్టర్లకు మొదటి రెండు మూడేళ్లు ఓపీ పలచగా ఉంటుంది. అయినా నిలబడినవాళ్లు ఉన్నారు, వారంటే నాకు గౌరవం. అందుకే ఆ మొదటి ఏళ్ల ఖర్చుకు డబ్బు చూసుకున్నాకే సొంత బోర్డు కట్టమంటాను. ప్లీడరుకు ఈ బరువు లేదు. ఒక గది, బల్ల, పుస్తకాలు, మోటారు సైకిలు ఉంటే ఆఫీసు తెరిచినట్టే.

జడ్జి ఉద్యోగం సంగతి?

లాలో స్థిరమైన, మంచి జీతం కావాలంటే ఇంతకన్నా గౌరవమైన దారి నాకు కనిపించదు. సివిల్ జడ్జి జూనియర్ డివిజన్ మూల వేతనం 77,840 నుంచి మొదలవుతుంది, పైగా భత్యాలు, ఇల్లు. కొత్తగా చేరే ప్రభుత్వ డాక్టరు మూల వేతనం కంటే ఇది ఎక్కువన్నది చాలామందికి తెలియదు. అయితే 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మూడేళ్ల ప్రాక్టీసు ఉంటేనే పరీక్ష రాయాలి. పట్టా చేతికి రాగానే గదిలో కూర్చుని పరీక్షకు చదివే రోజులు పోయాయి. పోస్టులు కొన్నే ఉంటాయి. దీని మీద మాత్రమే ఆశ పెట్టుకోకుండా, ప్రాక్టీసు నిజంగా చేస్తూ రాయాలి.

రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారని మన పిల్లలకు చెప్పండి. గోదావరి గట్టున పుట్టినవాళ్లకు ఆ కుర్చీ అందనిది కాదు.

కంపెనీల్లో లాయరు ఉద్యోగాలు?

విశాఖ దగ్గర దామోదరం సంజీవయ్య, హైదరాబాదులో నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లకు మొదటి నెల నుంచే మంచి జీతాలు వస్తాయి. దానికి క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే వేగమే ఆ పరీక్షకు ప్రాణం. ఫీజు ఏటా రెండు మూడు లక్షలు. బైపీసీ చదివిన పిల్లలూ రాయవచ్చు. మామూలు లా కాలేజీ నుంచి ఈ ఉద్యోగాలు దొరకడం కష్టం.

అమ్మాయికి ఏది మంచిది?

సంపాదన వరకే చూస్తే మెడిసిన్. పెళ్లి తర్వాత ఊరు మారితే డాక్టరు పట్టా వెంట వెళుతుంది, వారం తిరక్కుండా ఉద్యోగం దొరుకుతుంది. ప్లీడరు దేశంలో ఏ కోర్టులోనైనా వాదించవచ్చని చట్టం చెబుతుంది, కానీ తణుకులో పదేళ్లు కూడగట్టుకున్న కక్షిదారులు కర్నూలుకు రారు. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. మంచి ప్రాక్టీసు ఉన్న అమ్మాయి భర్త బదిలీ కోసం దాన్ని వదులుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ విషయం తేల్చుకోండి.

పన్నులో తేడా ఉందా?

పెద్దగా లేదు. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే అందులో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కట్టే సదుపాయం ఇద్దరికీ ఉంది. నగదు వసూళ్లు ఐదు శాతం మించకపోతే ఆ పరిమితి 75 లక్షలు. వైద్యానికి జీఎస్టీ లేదు. ప్లీడరు వ్యాపార సంస్థకు పనిచేస్తే జీఎస్టీ ఆ సంస్థే కడుతుంది. రాబడి తక్కువ చూపించే అలవాటు మాత్రం ఇద్దరూ మానుకోవాలి. యంత్రానికో ఇంటికో అప్పు అడిగిన రోజున బ్యాంకు చూసేది రిటర్నులనే.

డాక్టర్ల మీద కేసులు, గొడవలు చూస్తే భయమేస్తోంది.

వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ప్లీడర్ల సేవలు దాని కిందకు రావని 2024 మేలో చెప్పింది. కాబట్టి పరిహారం భయం డాక్టరుకే ఎక్కువ. బీమా పాలసీ తీసుకోవాలి, కేసు షీటు శ్రద్ధగా రాయాలి. ఇది ఖర్చు పద్దులో ఒక వరుస, వృత్తినే వద్దనుకునేంత కారణం కాదు.

ఎంబీబీఎస్ చేసి లా కూడా చదివితే రెండింటి సంపాదన వస్తుందా?

చదవవచ్చు, రెండు ప్రాక్టీసులూ ఒకేసారి చేయడం కుదరదు. ఒక డాక్టరు ఇదే కోరుతూ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1996లో కోర్టు ఒప్పుకోలేదు. క్లినిక్ మానేసి కోర్టుకు వస్తే మాత్రం వైద్య నిర్లక్ష్యం కేసుల్లో, బీమా కేసుల్లో అలాంటివారికి గిరాకీ ఉంటుంది.

లాంగ్ టర్మ్ కోచింగ్ రెండేళ్లు అయింది, సీటు రాలేదు. ఇప్పుడు లాకు మారితే ఆలస్యమా?

ఆలస్యం కాదు. న్యాయవాదిగా పేరు నమోదుకు నలభై అయిదేళ్ల పరిమితి పెట్టిన నిబంధననే 1995లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై ఏళ్ల పిల్లవాడికి ఆలస్యమేమిటి? రెండో ప్రయత్నంలో మార్కులు బాగా పెరిగితే మూడోసారి కూర్చోనివ్వండి. పెరగకపోతే ఆ ఏడాది ఖర్చుతో రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించి చేర్పించండి. మొహమాటంతో నాలుగో ఏడాది కోచింగ్‌కు పంపవద్దు.

మేనేజ్‌మెంట్ సీటు ఖాయం చేస్తామని ఒకరు అడ్వాన్సు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మన రాష్ట్రంలో మేనేజ్‌మెంట్ కోటా సీట్లు కూడా నీట్ ర్యాంకు మీదే, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం జరిపే కౌన్సెలింగ్‌లోనే కేటాయిస్తారు. మధ్యవర్తి చేయగలిగింది ఏమీ లేదు. నోటిఫికేషన్ వచ్చాక మీరే దరఖాస్తు చేసుకోండి, కేటాయింపు పత్రం వచ్చిన తర్వాతే నోటిఫికేషన్‌లో చెప్పిన ఫీజు బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఆ మనిషితో ఫోనులో నడిచిన సందేశాలు, బదిలీ చేసిన వివరాలు చెరిపేయకుండా ఉంచుకుని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసి ఇవ్వండి.